మొదలుపెట్టమన్నదెవరు?

ఏసుకుమారి ఇడ్లీలు ప్లేట్లో పెట్టి పిలిచింది. "వస్తున్నా" అన్నాడు గదిలోంచి ఎలియాస్. ఇడ్లీలు చల్లారాయి గానీ మనిషి రాలేదు. బడి మూతపడి లాప్‌టాప్ ముందు కూర్చున్న ఎనిమిదేళ్ల ఎలీనా, నాన్న వస్తున్నానంటే అరగంట అని జర్మన్‌లో చెప్పేసి తినడం మొదలుపెట్టింది.

రెండో కరోనా చలికాలం అది. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో మొగుడూ పెళ్లాలకి ఒకే ఆసుపత్రిలో ఉద్యోగం. అతను మత్తు డాక్టరు, ఆమె మత్తు నర్సు. మందులు సిద్ధం చేయడం, మనిషి నిద్రపోయాక దగ్గరుండి కనిపెట్టుకోవడం ఆమె పని. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం డాక్టరు గదిలో ఉండి తీరాలి. పదేళ్లుగా ఆమె ఆ నియమం దాటలేదు.

మొన్న మంగళవారం దాటింది. తుంటి విరిగిన ముసలమ్మ బల్ల మీద ఉంది, సర్జన్ విసుక్కుంటున్నాడు. కొవిడ్ వార్డులో ఉన్న ఎలియాస్‌కి ఫోన్ చేస్తే తెలుగులో, "మొదలుపెట్టు, వస్తున్నా" అన్నాడు. ఆమె మందు ఎక్కించింది. గొంతులోకి గాలి ట్యూబు దిగలేదు, ఎలియాస్ రాలేదు. ముసలమ్మ పెదాలు నీలమయ్యాయి. పక్క గది డాక్టరు పరిగెత్తుకొచ్చేదాకా మాస్కు అదిమిపట్టి గాలి కొడుతూనే ఉంది. అదృష్టం బాగుండి ప్రాణం నిలిచింది. జరిగిందంతా ఈరోజు పది గంటలకి ఆమె రాసివ్వాలి.

ఎలియాస్ ఎట్టకేలకు వచ్చి కూర్చున్నాడు. ఫోన్ చేశానని రాయొద్దన్నాడు. వచ్చే నెలలో తనకి పై పోస్టు రావాల్సి ఉందట, ఆమెకైతే ఓ హెచ్చరికతో పోతుందట. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్నట్టుంది ఆయన వరస. తనని ఆపరేషన్ గదిలోంచే తీసేస్తారని ఆమె అంటే, నర్సు ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుందన్నాడు. ఆ మాటకి ఆమె ఒళ్లు మండిపోయింది.

"డాక్టరు లేకుండా మొదలుపెట్టకూడదని నీకు తెలీదా?" అన్నాడు.

"తెలుసు. ఇంకే డాక్టరు చెప్పినా ఆగేదాన్ని. మొగుడు చెప్పాడని చేశాను. అది నా తప్పు, రాస్తాను. మీది మీరు రాయండి."

"మనం మాట్లాడుకుంది తెలుగులో కుమారీ. అక్కడ ఎవరికీ అర్థం కాలేదు."

"ప్రభువుకి తెలుగు రాదనుకున్నారా?"

కోటు తొడుక్కుని బయటికి నడిచింది. వెనకనుంచి "ఆగు, వస్తున్నా" అని వినబడింది. ఆగలేదు. ఆ మాట నమ్మే ఓ ముసలమ్మ ప్రాణం మీదికి తెచ్చింది. ఇంక ఈ మనిషితో కాపురం ఎలా అని ఏడుపు దిగమింగుకుంటూ ట్రామ్ స్టాపులో నిలబడింది.

ట్రామ్ మలుపు తిరుగుతుండగా ఎలియాస్ రొప్పుతూ వచ్చాడు. మంచులో ఇంటి చెప్పులు, మొహానికి మాస్కు లేదు. వెనకాల ఎలీనా అతని బూట్లు పట్టుకుని పరిగెడుతోంది. చేతిలో ఉన్న కాగితం భార్యకిచ్చాడు. అది ఎలీనా నోటుబుక్కులోంచి చింపిన కాగితం. నేనే మొదలుపెట్టమన్నాను, వస్తానని వెళ్లలేదు అని జర్మన్‌లో రెండు వాక్యాలు, కింద సంతకం.

"నన్ను నమ్మావు కుమారీ. అందుకే నాకు సిగ్గుగా ఉంది" అన్నాడు.

పన్నెండేళ్ల కాపురంలో "వస్తున్నా" అన్నాక మనిషి వెంటనే రావడం అదే మొదటిసారి. ఏసుకుమారి కోపం పోలేదు గానీ కన్నీళ్లు ఆగలేదు. సంచిలోంచి ఇంకో మాస్కు తీసి అతని చేతిలో పెట్టింది.

"ముందు బూట్లు వేసుకోండి" అంది.