పేము కుర్చీ వైపు జరిగిన గిన్నె

వీధి చివరి మేడగదిలో నెల నిండా ఉన్నవాళ్లు లేరట. చడీచప్పుడు లేకుండా సామాను సర్దుకుని పోయేవాళ్లే. ఎందుకని అడిగితే ఒకటే మాట — "అక్కడ మనం ఒక్కళ్లమే ఉండం."

ఆ మాట విని దర్జీ ఆవిడ నవ్విందట. అయినవాళ్లంతా పోయి, పలకరించే దిక్కులేని మనిషి. "అయితే మరీ మంచిది," అంటూ మిషను పైకెక్కించింది.

"అక్కా, అద్దె సగమేనంటే మిగతా సగం ఎవరో కడుతున్నట్టే!" అన్నాడు కింద ఇస్త్రీ చేసే ఆయన.

గది మూల ఓ పాత పేము కుర్చీ. అందులో కూర్చునే ప్రాణం వదిలిన ముసలావిడదట. ఆవిడకీ నా అన్నవాళ్లు లేరట.

వాన సాయంత్రం కిటికీలోంచి ఓ వీధిపిల్లి దూకింది. మంచం కింద దూరి బుస్సుమంది. చెయ్యి చాపితే రక్కేసింది. అయినా తరమబుద్ధి కాలేదు. ఇన్నాళ్లకి ఇంట్లో ఇంకో ఊపిరి...

"కళ్లలోకి చూడకక్కా," చెప్పాడు ఇస్త్రీ ఆయన. "పాలు పెట్టి, పక్కన నేల మీద కూర్చో. బెదిరిన ప్రాణం — దానంతటదే రావాలి."

అలాగే చేసింది. పాలగిన్నె పెట్టి, పెద్ద లైటు ఆర్పి, చాప తెచ్చుకునేలోగా — గిన్నె కాస్త జరిగి ఉంది. కుర్చీ వైపు.

పిల్లే నెట్టిందనుకుంది. గిన్నె పక్కనే చాప వేసుకుంది. మర్నాడు అక్కడే పాలు పోసింది. గిన్నె ఇంకాస్త జరిగింది... వెనకే చాపా జరిగింది. అలా రోజూ.

"రావే బంగారం... ఒక్కసారి," అని గుసగుసలాడేది.

ఓ రాత్రి పిల్లి మంచం కింద నుంచి బయటికొచ్చింది. ఆవిడ ఊపిరి బిగబట్టింది. అది ఆవిడని దాటుకుని... కుర్చీలోకి ఎగిరింది. గుర్రుగుర్రుమంటూ ముడుచుకుంది.

"పాలు పోసిన నేను కనబళ్లేదుటే నీకు?" కళ్లు తుడుచుకుని చూసింది. చూసి — కొయ్యబారిపోయింది.

పిల్లి కుర్చీకి ఆని లేదు. జానెడు పైన... గాలిలో... ఎవరి ఒళ్లోనో పడుకున్నట్టు.

లేవబోయింది.

చల్లటి చెయ్యొకటి ఆవిడ తల మీద వాలింది. తొందర లేకుండా నిమిరింది.

"బెదరకు తల్లీ..." ఓ ముసలి గొంతు. "ఇంత దగ్గరికి రావడానికి — ఎన్నాళ్లు పట్టిందే నీకు!"