గదిలో ఆరేసిన తువ్వాళ్ళు

ఆ పూట కూడా పిట్ట దగ్గుతూనే లేచింది. ఆరేళ్ళ పిల్ల, రోజూ తాతయ్య పక్కనే పడుకుంటుంది. వాళ్ళమ్మ దుప్పటి మారుద్దామని మంచం ముందుకు లాగింది. వెనక గోడంతా నల్లగా బూజు పట్టి ఉంది.

“ఏమండీ, ఒకసారి ఇలా రండి.”

భర్త బ్యాంకులో క్యాషియరు. ఏదైనా నిలబడ్డచోటే తేల్చేయాలి. తలుపు మీద, కుర్చీ మీద ఆరేసిన తడి తువ్వాళ్ళు చూడగానే తీర్పు చెప్పేశాడు.

“గదిలో బట్టలు ఆరేయొద్దని నాన్నకి ఎన్నిసార్లు చెప్పాను? పైగా తలుపులన్నీ బిగించి ఏసీ. ఇవాళ్టి నుంచి పిట్ట మన గదిలో పడుకుంటుంది, అంతే.”

అప్పుడే స్నానం చేసి వచ్చిన పెద్దాయన ఆ మాట విన్నాడు. వయసంతా కుట్టుమిషన్ తొక్కిన దర్జీ ఆయన, ఎదురు మాట్లాడే అలవాటు లేదు. “సరే నాయనా,” అని తువ్వాళ్ళు తీసి మడత పెట్టుకున్నాడు. ముఖం మాత్రం చిన్నబోయింది. పిట్ట ఆయన చొక్కా అంచు పట్టుకుని వదల్లేదు.

కోడలికి ఒక గుణం ఉంది, మంచిదో చెడ్డదో. ఏ సంగతైనా తేలకపోతే ఆమెకి తిండి సహించదు. తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో ఫ్రేము ఎక్కడ వంగిందో పట్టుకునేదాకా కుర్చీలోంచి లేవదు. ఇప్పుడూ టార్చి తెచ్చి గోడంతా వెతకసాగింది.

“తువ్వాళ్ళ వల్లయితే తలుపు వెనక బూజు పట్టాలి కదా. అక్కడ శుభ్రంగానే ఉంది.”

“ఆఫీసు టైమవుతోంది. ఇప్పుడా నీ పరిశోధన?”

“మీరు వెళ్ళండి. నేను ఈ గోడ సంగతి చూస్తాను.”

స్టూలెక్కి చూస్తే ఏసీ అడుగు నుంచి మంచం వెనక దాకా తడి చార. కిటికీ చువ్వలకి ముఖం ఆనించి బయటికి చూసింది. ఏసీ నీళ్ళు పోయే పైపుని ఎవరో పైకి వంచి, పక్క సన్‌షేడ్ మీదికి పెట్టి, కిటికీ చువ్వకి నాడాతో కట్టేశారు. నీళ్ళు పైకెక్కలేక మళ్ళీ గదిలోకే కారుతున్నాయి. ఆ ముడి ఎవరిదో ఆమెకి వెంటనే తెలిసింది. పిట్ట గౌన్లన్నిటికీ అదే ముడి.

“మావయ్యా, ఈ పైపు మీరు కట్టారా?”

పెద్దాయన చేతిలో తువ్వాలు మళ్ళీ మడత పెట్టాడు. “కింద మన అబ్బాయి బండి సీటు మీద పడుతున్నాయమ్మా. ఓ పొద్దున వాడు విసుక్కుంటే చూడలేక...”

“మరి గోడ తడుస్తోందని మాకు చెప్పలేదేం?”

“చెబితే పిల్లని ఇక్కణ్ణుంచి మార్చేస్తారుగా. మీరు లేవకముందే తువ్వాలుతో తుడిచేసేవాణ్ణి. మంచం వెనక చెయ్యి అందలేదు.” ఆయన పిట్ట తల నిమిరాడు. “దాని దగ్గు నావల్లేనమ్మా.”

ఆఫీసుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగిపోయిన కొడుకు తల ఎత్తలేకపోయాడు. ఎప్పుడో కాఫీ తాగుతూ సీటు తడిసిందని విసుక్కున్నాడు. ఆ మాట తను మర్చిపోయాడు, తండ్రి మర్చిపోలేదు. సిగ్గుతో అతని కళ్ళు నిండాయి. కిటికీలోంచి చెయ్యి చాపి ముడి విప్పబోయాడు. ఎంతకీ ఊడిరాలేదు.

“నాన్నా, ఇదెలా విప్పాలి?”

పెద్దాయన వచ్చి ఒక కొస లాగాడు. ముడి జారిపోయింది. పైపులో నిలిచిన నీళ్ళన్నీ ఒక్కసారిగా కింద బండి మీద పడ్డాయి.

“మెకానిక్‌ని పిలుద్దాం. గోడ ఆరి, బూజంతా పోయేదాకా మీ ఇద్దరి పక్కా హాల్లో,” అన్నాడు కొడుకు. “తర్వాత మళ్ళీ ఇద్దరూ ఇక్కడే.”

“సాయంత్రం డాక్టరుకి చూపిస్తాను,” అంది కోడలు. పిట్ట అప్పటికే తన దిండు హాల్లోకి మోసుకుపోతోంది.

అతను కిందికి దిగేసరికి పైనుంచి తండ్రి తువ్వాలు చూపించాడు.

“ఒరేయ్, సీటు తుడుచుకో.”

“ఫర్లేదు నాన్నా,” అని ఆ తడి సీటు మీదే కూర్చున్నాడు కొడుకు. ఆ రోజు బ్యాంకుకి తడి ప్యాంటుతోనే వెళ్ళాడు.