పక్కింటాయన మరణం

ఉదయం తొమ్మిది దాటాక చీఫ్ ఫోన్ చేసి, పది లోపల పక్కింటాయనను చంపెయ్యమన్నాడు.

ఏజెంట్ అమరేందర్ అప్పుడు షాపు వెనక గదిలో ఉన్నాడు. మెదక్ రాందాస్ చౌరస్తాలో అతను నడిపే ఫ్లెక్స్ షాపు షట్టర్ ఇంకా ఎత్తలేదు. పక్కింటాయన అంటే ఒక బ్లాగరు కలం పేరు. 'మెతుకుసీమ ముచ్చట్లు' అనే ఆ బ్లాగు రాసేది అమరేందరే. ఊళ్లో ఆ సంగతి ఒక్కరికీ తెలియదు.

ఆరేళ్ల కిందట డిపార్ట్‌మెంట్ అతన్ని ఇక్కడ ఎరగా పెట్టింది. చిన్న ఊళ్లలో జనం నమ్మే బ్లాగులను హ్యాక్ చేసి, వాటితో అల్లర్లు రేపాలని ఒక విదేశీ ముఠా చూస్తోంది. నువ్వూ ఒక బ్లాగు పెట్టు, వాళ్లు వచ్చేదాకా రాస్తూ ఉండు, ఎవరితోనూ స్నేహం చెయ్యకు. ఇదీ చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్. అమరేందర్ తూప్రాన్ బస్సుల గురించి రాశాడు, శివ్వంపేట రైతుల కరెంటు గురించి రాశాడు. రాసిన మర్నాడే లైన్‌మన్ స్తంభమెక్కేవాడు. కౌన్సిలర్‌గా పోటీ చేస్తున్న మదన్ మోహన్ పళ్లు తోముకోకముందే బ్లాగు చూస్తాడని ఊళ్లో నవ్వుకునేవారు. టీవీలో ఏ వార్త వచ్చినా, పక్కింటాయన ఏమన్నాడని అడిగేదాకా వచ్చింది వ్యవహారం. ఎర కాస్తా ఊరికి పెద్దమనిషై కూర్చుంది. ఆ పెద్దమనిషి మాత్రం సాయంత్రం కాగానే షట్టర్ దించుకుని, వెనక గదిలో కామెంట్లు చదువుకునేవాడు. అంతకుమించి పలకరించేవాళ్లు అతనికి లేరు.

ముఠా ఇప్పుడు వచ్చింది. బ్లాగు పాస్‌వర్డ్ మార్చేసింది. పదింటికి ఒక పోస్టు పడుతుంది. మంజీరా నీళ్లలో విషం కలిసింది, పిల్లలు పోతున్నారు, అందరూ దవాఖానకు పరుగెత్తండి అని. రేపు మున్సిపల్ పోలింగ్. దవాఖానకు ఉన్నది ఒక్కటే గేటు. అక్కడ తొక్కిసలాట జరిగితే ఎన్ని ప్రాణాలు పోతాయో చెప్పలేమన్నాడు చీఫ్. నెట్ బంద్ చేస్తే జనం ఇంకా భయపడతారు. బ్లాగు కంపెనీకి అర్జెంటు మెయిల్ పెడితే, మీ సమస్య మాకెంతో ముఖ్యమని మెషిన్ జవాబిచ్చింది.

అది అబద్ధమని నేనే ఇంకోచోట రాస్తానన్నాడు అమరేందర్. నువ్వెవరని నమ్ముతారని అడిగాడు చీఫ్. పక్కింటాయన మాటను ఈ ఊరు కాదనదు, కాబట్టి పక్కింటాయనే లేకుండా పోవాలి. మన డబుల్ ఏజెంట్ నీ దగ్గరికే వస్తోంది, కోడ్ వర్డ్ తెల్ల గులాబీ, అని ఫోన్ పెట్టేశాడు.

అయిదు నిమిషాల్లో షాపు ముందు నల్ల కారు ఆగింది. నల్ల కళ్లద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర. చౌరస్తా అంతా మెడలు తిప్పి చూస్తుండగా ఆమె దిగి, షాపు వెనక తలుపు తట్టింది.

"తెల్ల గులాబీలు పెట్టి ఫ్లెక్స్ చెయ్యాలె."

"సైజు?"

"మనిషంత."

కోడ్ సరిపోయింది. ఆమె లిప్‌స్టిక్ మూత తీసి, అందులోని పెన్ డ్రైవ్ అందించింది. ముఠా కంప్యూటర్ నుంచి కాపీ చేసిన పోస్టు అది. అమరేందర్ తెరిచి చదివాడు. తన వెటకారం, తన నిదానం, చివర్లో తను పెట్టే చిన్న నిట్టూర్పుతో సహా అన్నీ ఉన్నాయి. తను రాయలేదని తనకే నమ్మబుద్ధి కాలేదు.

"ఎవరు రాసిండ్రు?"

"నేనే. రాయకుంటే వాళ్లు నన్ను నమ్మకపోదురు. నా పేరు వినీల. మీ కామెంట్లల్ల సృజన."

రోజూ పొద్దున్నే మొదటి కామెంటు సృజనదే. ఒకసారి జ్వరంతో రాస్తే, ఒంట్లో బాగలేదా అని అడిగింది ఊరు మొత్తంలో ఆమె ఒక్కతే. ఆ పేరు కోసమే అతను పెందలాడే లేచేవాడు. చూడని మనిషిని ప్రేమించాడు. ఆ మనిషి ముఠా మధ్య కూర్చుని తనను చదివిందని ఇప్పుడు తెలిసింది.

"అన్ని డ్యూటీయేనా?"

ఆమె కళ్లద్దాలు తీసింది.

"మొదటి నెల డ్యూటీ. తర్వాత చదువుకున్న. అందుకే పోస్టు పడే టైము చీఫ్‌కు చెప్పిన."

ఇంకేదో అడగాలనిపించింది గానీ, పదవుతోంది. మెదక్‌లో మనిషి పోయాడని నమ్మాలంటే డాక్టరు సర్టిఫికెట్ అక్కర్లేదు, చౌరస్తాలో ఫ్లెక్స్ చాలు. ఊళ్లో సగం చావులు ఈ షాపు ప్రింటర్ లోంచే బయటికొచ్చాయి. దీపం, గులాబీలు, 'కన్నీటి శ్రద్ధాంజలి', కింద పక్కింటాయన పేరు, బ్లాగు పేరు. అన్నీ అమరాయి. ఫొటో జాగా ఖాళీగా ఉంది.

ఫొటో లేకపోతే ఎవరూ నమ్మరంది వినీల. అమరేందర్ తన ఫొటో పెట్టాడు. అది పెడితే మీరు ఈ ఊళ్లో ఉండలేరని ఆమె అంటే, తెలుసన్నాడు. అతనికి ఈ ఊరు ఇష్టం. వెళ్లాలని లేదు. ప్రింట్ బటన్ నొక్కాడు.

ఫ్లెక్స్ తీసుకుని వినీల ఎదురుగా ఉన్న ఆటో స్టాండుకు నడిచింది. చచ్చిపోయినాయనకు బంధువునని, నిన్న రాత్రి హైదరాబాద్‌లో గుండె ఆగిందని ఆటో యాకోబుకు చెప్పింది. యాకోబు ఫ్లెక్స్ విప్పి, ఆ ముఖాన్ని, ఎదుట మూసి ఉన్న షట్టర్‌ను మార్చి మార్చి చూశాడు. తర్వాత నిచ్చెన ఎక్కాడు. ఆఖరి తాడు ముడి పడుతుండగా చౌరస్తాలో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

ఎవరో ఆ పోస్టు గట్టిగా చదివారు. బిందె పట్టుకున్న వజ్రమ్మ దాన్ని అక్కడే వదిలేసి, బిడ్డను చంకనేసుకుని దవాఖాన వైపు పరుగు తీసింది. నలుగురు ఆమె వెనక కదిలారు.

"యేడికి ఉరుకుతున్రు?" యాకోబు నిచ్చెన మీంచి అరిచాడు. "ఆయన నిన్ననే పోయిండు, గిటు చూడుండ్రి. పోయిన మనిషి ఎట్ల రాస్తడు? ఎవడో ఆయన ఫోను కొట్టేసిండు."

వజ్రమ్మ ఆగి, తలెత్తి చూసింది. బిడ్డను కిందికి దించింది. ఆ తర్వాత విషం మాట మరిచి, చచ్చినాయన ఫోను ఎత్తుకుపోయిన దొంగను తిట్టడం మొదలుపెట్టారు. ఫ్లెక్స్ ఫొటో ప్రతి వాట్సాప్ గ్రూపుకూ చేరింది. దవాఖాన గేటు దగ్గర ఒక్కరూ చేరలేదు. ముఠావాళ్లు వినీల చెప్పిన తూప్రాన్ లాడ్జిలో ఇంకా స్క్రీను చూస్తూ ఉండగానే దొరికిపోయారు. నల్ల కారు ఎప్పుడు వెళ్లిందో అమరేందర్ చూడలేదు.

అతను తెల్ల మీసం, విగ్గు, పంచె, భుజాన తువ్వాలతో వెనక తలుపు నుంచి బయటపడ్డాడు. నేరుగా బస్టాండుకు పొమ్మని ఆర్డర్. కాళ్లు మాత్రం చౌరస్తా వైపు నడిచాయి. ఫ్లెక్స్ కింద జనం నిండిపోయారు. యాకోబు నిచ్చెన కాళ్ల దగ్గరే కూర్చుని ఏడుస్తున్నాడు.

"గీయననా రాసెటోడు? రోజు నా ఎదురుంగనే కూసుండె. ఒక్కనాడు గూడ మాట్లాడకపోతి."

నేనే యాకోబూ అని చెయ్యి పట్టుకోవాలనిపించింది. అమరేందర్ చేతులు తువ్వాలలో దాచుకున్నాడు.

"మీకేమైతడు పెద్దయ్యా?" యాకోబు తలెత్తి అడిగాడు.

"దూరపు చుట్టం. రేగోడ్ నుంచి వచ్చిన."

"ఆయనకు ఎవ్వరు లేరనుకున్నం. ఆదివారం గీడనే సంతాప సభ పెడుతున్నం, భోజనాలు గూడ ఉన్నయి. మీరు తప్పక రావాలె."

వస్తానని చెప్పి అమరేందర్ బస్సెక్కాడు. ఆరేళ్లలో మెదక్ అతన్ని భోజనానికి పిలవడం అదే మొదటిసారి.