పడుకోబెట్టిన ముక్క

ఆ ల్యాబులో అందరూ ఆమెను మైనం పిన్ని అంటారు. రోగుల ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కల్ని మైనంలో నిలబెట్టి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగు వేసి, గాజుపలక మీద డాక్టరుకు అందించడం ఆమె పని. అందులో చెయ్యి తిరిగిన మనిషి. కొత్తవాళ్ళకు మొదటి పాఠం ఆమే చెబుతుంది.

"ముక్కను పడుకోబెట్టకండర్రా! ఊపిరి గొట్టం లోపలి పొరలో కణాలు పొడుగ్గా, పక్కపక్కనే నిలబడి ఉంటాయి. నెత్తిన సన్నటి నూగు. లోపల పడ్డ దుమ్మును పైకి ఊడ్చేది ఆ నూగే. ఏ పని చేసే కణానికి ఆ పనికి తగ్గ ఆకారం. అడ్డంగా కోశారో, అడుగున ఎంత జబ్బున్నా కనబడి చావదు."

అంత చెప్పే మనిషి, సొంత అక్క ఊపిరి గొట్టం ముక్కనే పడుకోబెట్టింది. ఆ రోజేదో తొందర. గాజుపలక చూడగానే తప్పు తెలిసింది. మైనం కరిగించి మళ్ళీ నిలబెడితే సరిపోయేది. పక్కన శిష్యులున్నారు, నామోషీ అనిపించింది. అప్పటి డాక్టరు పైపైన చూసి జబ్బు లేదని రాసేశాడు. అక్క ఎగిరి గంతేసినంత పనిచేసి, "నువ్వుండగా నాకేం భయమే!" అని వాటేసుకుంది. ఇక నోరు పెగల్లేదు. ఏడాది తిరక్కుండా అక్క పోయింది. అప్పట్నుంచీ పిన్నికి తిన్నది ఒంటబట్టడం లేదు.

ఇప్పుడు కొత్త డాక్టరమ్మ, అక్క ముక్క ఉన్న ఆ పాత మైనం దిమ్మను మళ్ళీ కోసి చూపించమంది.

మధ్యాహ్నం. ముసురు పట్టి గది చీకటిగా ఉంది. మిగతావాళ్ళు భోజనాలకు వెళ్ళారు. పిన్ని దిమ్మను కరిగించింది. వెచ్చటి మైనం వాసన, దాని వెనక మందునీళ్ళ ఘాటు. అక్క ముక్క అడుగున పడి ఉంది, బియ్యపు గింజంత.

తీసి పారేద్దామని పట్టకారు ముంచింది.

ముక్క లేచి నిలబడింది.

పిన్ని దాన్ని పడుకోబెట్టింది. మళ్ళీ లేచింది... మెల్లగా... ఎవరో వెనకనుంచి చెయ్యి అందించినట్టు.

"వద్దే అక్కా... నా పరువు పోతుందే..." అని గొణిగింది. కళ్ళు మూసుకుని దాన్ని చెత్తడబ్బాలో పడేసింది.

దాని చోట తన ముక్కనే పెట్టింది. అక్క పోయాక బెంగతో తనూ అదే పరీక్ష చేయించుకుంది, నిక్షేపంగా ఉందన్నారు. అందులో మిగిలిన ముక్క అది. చక్కగా నిలబెట్టి, కోసి, రంగేసి ఇచ్చింది. తప్పు మీద తప్పు. తెలుసు. అయినా చేసింది.

డాక్టరమ్మ చాలాసేపు సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తలేదు.

"ఏమ్మా, ఇంత స్పష్టంగా జబ్బు కనబడుతుంటే లేదని ఎలా రాశారు?"

పిన్ని దగ్గరికొచ్చింది. "ఏదీ... జబ్బా?"

"నువ్వే చూడు."

చూసింది. వరస తప్పి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, అడుగుపొరను తోసుకుపోతున్న కణాలు. అక్కడక్కడ మాత్రం ఇంకా బుద్ధిగా నిలబడ్డవి, నెత్తిన నూగుతో.

ఆ నూగు కదులుతోంది.

మందునీళ్ళలో నాని, మైనంలో ఉడికి, రంగులో మునిగిన ముక్క. కదలకూడదు. కదులుతోంది... గాలికి వరిచేను ఊగినట్టు.

భయంతో ఊపిరి బిగబట్టింది.

నూగు ఆగిపోయింది.

ఊపిరి వదిలింది. కదిలింది. బిగబట్టింది... ఆగింది.

"పాపం, ఎవరోగానీ," అంటోంది డాక్టరమ్మ. "అప్పుడే చెప్పి ఉంటే బతికేది. పోయిన మనిషిది, ఇప్పుడేం చేస్తాం?"

నాది మేడమ్, నేను బతికే ఉన్నాను, అందామనుకుంది పిన్ని. పెదవులు కదిలాయి. చెబితే తప్పు బయటపడుతుంది.

"సరే, జరుగు," అంటూ డాక్టరమ్మ గాజుపలకను తీసేయడానికి చెయ్యి చాచింది.