పట్టపగలు నిద్రపోయిన పెట్టె

"పదమూడు పెట్టెలు పనిచేస్తున్నాయి. పద్నాలుగోది పట్టపగలు నిద్రపోతోంది."

సుజాత మేడమ్ బ్రీఫింగ్ ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది. ముందు నష్టం చెప్తారు, తర్వాత సరుకు చూపిస్తారు. అందుకే ఆమె అంటే హఫీజ్‌కు గౌరవం.

ఏప్రిల్ నెల, గురువారం, ఉదయం ఆరున్నర. ఖమ్మం కమాన్‌బజార్‌లో కాంటాలు అమ్మి బాగుచేసే దుకాణం హఫీజ్ తాతల నాటిది. దాని వెనక గది మాత్రం మేడమ్ నడిపే గూఢచారి శాఖ ఏడో విభాగానిది. ఆ సంగతి ముందు గదిలో కూర్చునే తమ్ముళ్లకు కూడా తెలియదు.

భద్రాచలం అవతల, అడవి అంచున గుట్టల మీద పద్నాలుగు లిజనింగ్ పోస్టులున్నాయి. ఒక్కోచోట ఒక ఇనప పెట్టె, యాంటెనా, ఆరు సోలార్ ప్యానెళ్లు. దొంగ సిగ్నల్ వినపడగానే పెట్టె దాని దిక్కు చెప్తుంది, రొద నింపి దాన్ని చెడగొడుతుంది. చీకటి పడగానే నిద్రపోయి తెల్లారగానే లేచేలా సాఫ్ట్‌వేర్ రాశారు. రాత్రి కాపలా కొత్తగూడెంలోని పెద్ద యంత్రం చూసుకుంటుంది. పగటి గోలలో దానికేమీ వినపడదు.

పాలవాగు గుట్ట మీది పెట్టె మూడు వారాలుగా ఉదయం పదింటికి నిద్రపోయి సాయంత్రం లేస్తోంది. విప్పి ఖమ్మం తెస్తే బుద్ధిగా పనిచేస్తుంది. తిరిగి గుట్టెక్కిస్తే మళ్లీ నిద్ర. కొత్త పెట్టె పెట్టారు, అదీ నిద్రే. ఇంజినీర్లు జీపులో వెళ్లి చూస్తే మాత్రం మెలకువగా ఉంటుంది.

"గత మూడు గురువారాలు, సరిగ్గా పన్నెండు నలభైకి ఆ గుట్టల్లోంచి ఏదో పైకి పోయింది. ఆ సమయానికి శత్రు ముఠా వాడే ఉపగ్రహం అక్కడికొస్తుంది," అన్నారు మేడమ్. "బయటి దేశాల్లో, ముఠాల్లో ఉన్న మన మనుషుల పేర్ల ఫైలు అది. నాలుగు ముక్కలు చేశారు. నాలుగో ముక్క చేరితేగాని తెరుచుకోదు. అది ఈరోజు పోతుంది. ఇరవై మూడు పేర్లు. అందులో షబ్నమ్ పేరు కూడా ఉంది."

హఫీజ్ టీ గ్లాసు కింద పెట్టాడు.

నాలుగేళ్లు షబ్నమ్‌కు హ్యాండ్లర్ అతనే. ఆమె ఆ ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వు చూసి చెక్‌పోస్టుల వాళ్లు కాగితాలు చూడటం మర్చిపోతారు. ఆర్నెల్ల కింద మేడమ్ ఆమెను అదే విభాగంలోని రమణకు అప్పగించారు. మనసు కలిసిన చోట తూకం తప్పుతుందని ఒక్క మాట చెప్పి ఊరుకున్నారు. రమణకు ముప్పై రెండేళ్లు, నల్ల కారు, డ్రోన్లు, గడియారంలో కెమెరా. హఫీజ్‌కు నలభై మూడేళ్లు, స్కూటరు. అసూయ నిల్వ పెట్టకూడని సరుకని, పురుగు పడితే పక్క బస్తాలు కూడా పోతాయని అతనికి తెలుసు. తెలిసీ ఆర్నెల్లుగా దాచుకున్నాడు.

పెట్టె పాస్‌వర్డ్ తెలిసింది రమణకూ షబ్నమ్‌కూ మాత్రమే. పెట్టె లోపల దాచిన రికార్డు చూస్తే, పగలు పదింటికి 'రాత్రి అయింది' అని రాసుంది. ఎవరో వైరస్ ఎక్కించి గడియారం తిప్పారని రమణ నలభై పేజీల రిపోర్టు రాశాడు. తను చేయలేదు గనక షబ్నమ్ చేసిందని చివరి పేజీలో మెత్తగా సూచించాడు. రిపోర్టుతో పాటు ఒక వీడియో పంపాడు.

హఫీజ్ ఆ వీడియో పదకొండుసార్లు చూశాడు. సంతలో షబ్నమ్, పసుపు చున్నీ. పక్కన క్లారెన్స్ అనే విదేశీయుడు, ముఠా నాయకుడని అనుమానం. అడవి పూలతో బిస్కెట్లు చేసే కంపెనీ అని చెప్పుకుంటాడు, షబ్నమ్ అందులో కొనుగోలు మేనేజర్. అతని వ్యాన్‌ను రెండుసార్లు వెతికినా ఏమీ దొరకలేదు. సిగ్నల్ పోతుండగా పట్టుకుంటే తప్ప అతన్ని ఆపడం కుదరదు. వీడియోలో షబ్నమ్ ఇప్పపువ్వు కొంటోంది. గుప్పెట్లో పిసికి తేమ చూడలేదు, బేరమూ ఆడలేదు. అమ్మిన మనిషి అడిగినంత ఇచ్చి నవ్వుతూ వెళ్లిపోయింది.

ఈ షబ్నమే ఒకప్పుడు ఇదే కమాన్‌బజార్‌లో డజను గాజులకు గంట బేరమాడింది. మనిషి సంతోషంగా ఉంటే చెయ్యి వదులవుతుంది. రమణతో అంత సంతోషంగా ఉందన్నమాట, అనుకున్నాడు హఫీజ్.

"ఆమె అటు తిరిగిందని తేలితే?" అని అడిగాడు.

"తీసుకురా. వాళ్లకు సైగ చేయబోతే చేయనివ్వకు," అన్నారు మేడమ్. ఎలా ఆపాలో చెప్పలేదు. పిస్తోలు బల్ల మీద పెట్టారు.

*

భద్రాచలం దాకా జీపు, అక్కడి నుంచి షేర్ ఆటో. హఫీజ్ లుంగీ కట్టి, తెల్ల టోపీ పెట్టుకుని పూలు కొనే సేటు అయ్యాడు. భుజాన సంచి, చేతిలో కొక్కెం కాంటా. ఆ కాంటాలో రేడియో ఉంది. దూరంగా ఉన్న పెట్టె నిద్రలో ఉంటే సున్నా చూపిస్తుంది, మెలకువగా ఉంటే పద్నాలుగు.

పాలవాగు కల్వర్టు దగ్గర మోదుగుల నీడలో నల్ల కారు ఆగి ఉంది. రమణ అద్దం దించాడు.

"పువ్వు తేమ ఎంత?" అన్నాడు హఫీజ్. అది కోడ్.

"పిడికిట్ల ముద్ద కట్టదు," అని జవాబిచ్చి రమణ నవ్వాడు. "కాంటాతోటి వైరస్‌ను తూకం ఏస్తవా భాయ్?"

"బరువుంటే ఏస్త. నీ రిపోర్టు నలభై పేజీలున్నా తేలికనే తూగింది."

"షబ్నమ్ నిన్ను అడిగింది. హఫీజ్ ఇంకా గాజుల కాడ గంటసేపు నిలబడతడా అని. ఇద్దరం మస్తు నవ్వుకున్నం."

హఫీజ్ కాంటా భుజాన వేసుకుని కదిలాడు. ఇద్దరం అనే మాట చెప్పులో ముల్లులా పాదం కింద పెట్టుకుని నడిచాడు. ఇంకా కిలోమీటరు ఉంది. సమయం పన్నెండు దాటి ఐదు నిమిషాలు.

ఊళ్లో ఎవరూ అతన్ని పట్టించుకోలేదు. బడి వెనక తెల్ల వ్యాన్ ఆగి ఉంది, క్లారెన్స్‌ది. హఫీజ్ చెట్ల చాటున గుట్టెక్కాడు. కాంటా సున్నా చూపిస్తోంది.

పైకి చేరేసరికి ముందు వాసన తగిలింది. తియ్యగా, కొంచెం పులుపుగా, ఊపిరాడనంత ఘాటుగా ఇప్పపువ్వు వాసన. తర్వాత కనిపించింది. నడుమెత్తున ఉన్న ఆరు సోలార్ ప్యానెళ్ల మీద పాత చీరలు పరిచి ఉన్నాయి. చీరల మీద దళసరిగా పువ్వు. పక్కన చెట్టు కింద నెత్తిన తువ్వాల కట్టుకుని జంపక్క కూర్చుంది. కింది ఊరి మనిషే, కోయ రైతు. పువ్వు మీద వాలే కాకుల్ని కట్టెతో అదిలిస్తోంది.

హఫీజ్‌కు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. పెట్టెకు కళ్లంటూ ఉంటే ఆ ప్యానెళ్లే. వాటి మీద వెలుగు పడకపోతే అది రాత్రి అనుకుంటుంది. ఎవరూ గడియారం తిప్పలేదు. పెట్టెకు దుప్పటి కప్పారంతే.

"అక్కా, ఇంజినీర్లు వచ్చినప్పుడు ఈ పువ్వు లేదట గదా?"

"జీపొస్తే మైలు దూరం నుంచే దుమ్ము లేస్తది సేటూ. చీర కొంగులు పట్టి లేపి పొదల్ల పెడ్తం. సర్కారు అద్దాలు గదా, తిడ్తరు. నువ్వు నడిసొచ్చినవు, నీకేం భయం?"

"ఈడ ఎండబెట్టమని ఎవరు చెప్పిండ్రు?"

"పసుపు చున్నీ అమ్మ. మట్టి అంటని పువ్వే కొంటడట తెల్లోడు. అడిగినంత ఇస్తది, బేరమే ఆడదు. నాకైతే మజా లేదు." జంపక్క దారి మలుపు వైపు కట్టె చూపించింది. "గురువారం, సంత దినం ఆడ నిలబడి చూస్తది. పువ్వుంటే చున్నీ రెండుసార్లు ఊపుతది, లేకుంటే ఒక్కసారి. కింద వ్యాన్ల ఉన్నోడికి. గుట్ట మీదిది ఆడికి కనబడదు గదా."

పన్నెండు ఇరవై తొమ్మిది.

కొనే వ్యాపారి బేరమాడలేదంటే అతనికి కావలసింది సరుకు కాదు. హఫీజ్ తండ్రి చెప్పిన మాట ఇది. క్లారెన్స్‌కు కావలసింది పువ్వు కాదు, దాని నీడ. కానీ షబ్నమ్ కథ ఏమిటి? చున్నీ ఊపేది ఆమే. అంటే పెట్టెను రోజూ నిద్రపుచ్చుతున్నదీ ఆమే. ఆర్నెల్ల అసూయ లోపలి నుంచి ఎగిరి గంతేసింది. చూశావా, నేను చెప్పలేదా, అంది. దానికి జవాబు చెప్పే తీరిక లేదు.

"అక్కా, ఈ పువ్వు ఇప్పుడే తియ్యాలె."

"ఇయ్యాల రెండో ఎండ. ఇప్పుడు తీస్తే పులుస్తది. మట్టి లేకుండ, కాకతోటి, ఇంకో జాగ చూపెట్టు, తీస్త."

హఫీజ్ ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణం అతనికి హాయిగా ఉంది.

"వాగు కాడ నల్ల కారుంది. ఇనుము, అద్దం కంటే కాక ఎక్కువ. పైకప్పు, ముందు భాగం రెండూ నీవే. ఇయ్యాలంతా."

"మూడు దినాలు."

నోటి దాకా వచ్చిన 'సరే'ను మింగాడు. వెంటనే ఒప్పుకుంటే అనుమానపడుతుంది, అనుమానం తీర్చడానికి పది నిమిషాలు పడుతుంది. "రెండు," అన్నాడు.

"మూడు. రాత్రి మంచు పడకుండ లోపల సీట్ల మీద పోసుకుంట."

"సీట్లు చిన్నవి అక్కా."

"చిన్నగనే పోస్త."

"సరే, మూడు."

జంపక్క నవ్వుతూ లేచింది. ఇద్దరూ చెరో పక్క పట్టి మొదటి చీర లేపారు. రెండోది, మూడోది. ఆరో చీర పొదల్లో పెట్టేసరికి పన్నెండు ముప్పై ఎనిమిదిన్నర. ఆరు అద్దాలు ఎండకు భగ్గుమన్నాయి. వెలుగు తగిలాక పెట్టె లేవడానికి తొంభై సెకన్లు.

అప్పుడే దారి మలుపులో పసుపు రంగు కదిలింది.

షబ్నమ్. మూడు వందల అడుగుల దూరం. తలెత్తి ఖాళీ అద్దాలు చూసింది. తర్వాత హఫీజ్‌ను చూసింది. టోపీ, లుంగీలో ఉన్నా గుర్తుపట్టిందని అతనికి తెలుసు. అతని చెయ్యి సంచిలోకి వెళ్లింది. పిస్తోలు ఎండకు కాగి ఉంది.

ఒక్కసారి ఊపితే క్లారెన్స్ ఈరోజుకు మానుకుని జారిపోతాడు, వచ్చే గురువారం ఇంకో గుట్ట చూసుకుంటాడు. రెండుసార్లు ఊపితే అతను సిగ్నల్ పంపి దొరికిపోతాడు, ఆమె మన మనిషే. హఫీజ్ లోపల ఒక దిక్కుమాలిన మూల, ఆమె ఒక్కసారే ఊపాలని కోరుకుంది. అప్పుడామె రమణది కూడా కాదు, ఎవరిదీ కాదు. ఆ కోరిక చూసి అతనే సిగ్గుపడ్డాడు.

ఆమె చున్నీ తీసి గాలిలో ఊపింది. ఒకసారి.

చెయ్యి దించింది. కింద వ్యాన్ వైపు తిరిగింది. హఫీజ్ వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది. గాలికి చున్నీ ఆమె మొహానికి చుట్టుకుంటే విడదీసుకుంది.

మళ్లీ ఊపింది. రెండోసారి.

వ్యాన్ పైకప్పు పెట్టె మూతలా తెరుచుకుంది. లోపలి నుంచి యాంటెనా లేచింది. పన్నెండు ముప్పై తొమ్మిది దాటి యాభై సెకన్లు. కాంటా సున్నా. యాభై ఐదు. సున్నా. హఫీజ్ కాంటాను మొండి బాకీదారుణ్ణి చూసినట్టు చూశాడు. యాభై తొమ్మిది.

పద్నాలుగు.

పాలవాగు గుట్ట ఆకాశాన్ని రొదతో నింపేసింది. కాంటాలోంచి కొత్తగూడెం గొంతు వినిపించింది: ముక్క పోలేదు, మూలం దొరికింది, బడి వెనక వ్యాన్. నిమిషంలో వ్యాన్ దుమ్ము రేపుకుంటూ వాగు వైపు పరుగెత్తింది. అదే కబురు విన్న రమణ అప్పటికే కల్వర్టుకు అడ్డంగా నల్ల కారు నిలబెట్టాడు. వ్యాన్ మీది యాంటెనా ఇంకా మడవలేదు. రమణ క్లారెన్స్‌కు బేడీలు వేస్తూ గడియారం కెమెరాలో తన మొహం కూడా పడేలా చూసుకున్నాడు.

*

"గింత ఆలస్యమా?" అంది షబ్నమ్, హఫీజ్ గుట్ట దిగగానే. "మూడు వారాల సంది బేరమాడకుండ కొంటున్న. చేతులు దురద పెడ్తున్నయి."

వాగు వైపు నడుస్తూ ఆమె అంతా చెప్పింది. రమణ ఫోనునూ కారునూ క్లారెన్స్ మొదటి వారం నుంచే వింటున్నాడు. రమణను కలిసేది అతని రహస్యాల కోసమేనని ఆమె క్లారెన్స్‌ను నమ్మించింది; పువ్వు సంగతి రమణకు చెప్తే ఇద్దరూ చచ్చేవాళ్లు. అందుకే సంతలో తనను వీడియో తీయమని రమణను ఆమే అడిగింది. మేడమ్ దాన్ని వెనక గదిలో చూపిస్తారని, రమణ తీసిన వీడియోలో తానుంటే ఒక మనిషి దాన్ని వదలకుండా చూసి, తాను బేరమాడలేదని పట్టుకుంటాడని లెక్కేసింది.

"ఎన్నిసార్లు చూసినవు?"

"రెండుసార్లు."

"నిజం చెప్పు."

"పదకొండు."

"నేను పది అనుకున్న," అంది షబ్నమ్.

సాయంత్రానికి ఇంజినీర్లు సాఫ్ట్‌వేర్‌కు ఒక్క వాక్యం కలిపారు: వెలుగు పోతే, రాత్రి అనుకునే ముందు గడియారం కూడా చూడు. మేడమ్ ఫోన్ చేసి హఫీజ్‌నూ షబ్నమ్‌నూ ఖమ్మం రమ్మన్నారు. రమణ కూడా బయలుదేరబోయాడు. అప్పటికే జంపక్క, మరో నలుగురు ఆడవాళ్లు చీరలతో వచ్చి కారు కప్పు మీద పువ్వు పోసేశారు. మూడు దినాలకు మాటైంది, సేటు ఒప్పుకున్నడని జంపక్క చెప్పింది. సీట్లు చూపించమంది.

కల్వర్టు అవతల షబ్నమ్ ఆటో ఆపి భద్రాచలానికి బేరం మొదలుపెట్టింది. పావుగంట సాగింది. హఫీజ్ ఆమెను తొందరపెట్టలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఇప్పపువ్వు వాసనలో, కారు పక్కన నిలబడి రమణ వాళ్లిద్దరినే చూస్తున్నాడు. ఆ చూపును హఫీజ్ వెంటనే గుర్తుపట్టాడు. ఆర్నెల్లుగా తన దగ్గర నిల్వ ఉన్న సరుకే అది. చేతులు మారింది, బేరం కూడా లేకుండా.