మెడ మీద బిళ్ల గీతలు

టీకాల ఫ్రిజ్‌లో టీ సీసా పెట్టినందుకు దమర్ మొట్టమొదటిసారి డాక్టర్ వెనింగ్ చేత తిట్లు తిన్నాడు.

కారాంగ్‌సారి ఆరోగ్య కేంద్రానికి ఆవిడ కొత్తగా వచ్చిన వారం అది. ఫ్రిజ్ మొరాయిస్తోందంటే దమర్ వెళ్ళి గ్యాస్ నింపాడు. లోపల చల్లబడుతోందో లేదో చూద్దామని తను తాగే మల్లెపూల టీ సీసా అందులో పెట్టి తలుపు వేశాడు. కాసేపటికి వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఇది ఎవరిదండీ?"

తిరిగి చూస్తే తెల్ల కోటు, బిగించి కట్టిన జుట్టు, చేతిలో తన సీసా.

"నాదేనండీ. చల్లబడిందా?"

"ఇది పసిపిల్లల టీకాలు పెట్టే ఫ్రిజ్. టీకొట్టు కాదు."

"పరీక్ష కోసం పెట్టానండీ. టీకాలే పెట్టి పరీక్ష చేస్తే, అవి పాడైతే ఇంకా గట్టిగా తిడతారు కదా."

"థర్మామీటర్ అనేది ఒకటి ఉంటుంది, తెలుసా?"

"అది మీ దగ్గర ఉంటుంది. మా దగ్గర నాలుకే ఉంటుంది."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. ఆపుకుందామని కిటికీ వైపు తిరిగింది గానీ, ఆమె భుజాలు కదలడం దమర్ చూడనే చూశాడు. అంతే, ఇరవై ఏడేళ్ళుగా నిమ్మళంగా ఉన్న మనిషి ఆ క్షణం నుంచి పనికిరాకుండా పోయాడు.

అప్పట్నుంచి ఆ ఫ్రిజ్‌కి పదిహేను రోజులకోసారి ఏదో ఒకటి వస్తూనే ఉంది. రాకపోయినా దమర్ వస్తూనే ఉన్నాడు. వచ్చి, వెనక పలక విప్పి, చూసి, మళ్ళీ బిగించి, "మంచి పని చేశారు, మొదటి రోజే చూపించుకోవాలి. మా ఊరి జనం ఐస్ అంతా కరిగి, చేపలు కంపు కొట్టాక పిలుస్తారు. ముందే పిలిస్తే ఇంత దాకా వచ్చేది కాదు కదా అంటే మొహం చిన్నబుచ్చుకుంటారు" అనేవాడు.

"ఫ్రిజ్‌ల సంగతే కాదు, మనుషుల సంగతీ అంతే," అంది ఒకరోజు వెనింగ్. "మీ ఊళ్ళో జ్వరం వచ్చినవాళ్ళు ఐదో రోజునో ఆరో రోజునో తప్ప నా దగ్గరికి రారు. డబ్బు కట్టనక్కర్లేదు, దూరం లేదు. నేనేమైనా కరుస్తానా?"

దమర్‌కి కారణం తెలుసు. చెప్పడానికే నోరు రాలేదు.

"అదొక పెద్ద కథండీ. నిలబడి చెప్పేది కాదు. శనివారం సంత దగ్గర సోతో తింటూ చెబుతాను."

వెనింగ్ అతని వైపు ఒక చూపు చూసింది. వేడి వేడి కోడి చారు సోతో, అందులో నిమ్మకాయ పిండుకుని, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడమంటే ఊళ్ళో అందరికీ చాటింపు వేసినట్టే. అది ఇద్దరికీ తెలుసు.

"పదకొండింటికి," అందామె. "ఆలస్యమైతే నేనే తినేసి వెళ్ళిపోతాను."

సోతో తినేది కథ చెప్పడానికే కాదు. ఆ రోజు మనసులో మాట కూడా చెప్పేయాలని దమర్ నిశ్చయించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా మంగళవారమే తీసి మేకుకి తగిలించాడు.

సరిగ్గా ఆ మంగళవారం సాయంత్రమే వానలో తడిసి ఇంటికొచ్చాడు. రాత్రికి ఒళ్ళు కాలిపోయింది, కళ్ళ వెనక పోటు, కీళ్ళన్నీ ఎవరో విప్పి పెట్టినట్టు నొప్పి.

"ఒంట్లోకి గాలి దూరింది. తడిసి తిరగొద్దంటే వింటావా?" అంది వాళ్ళమ్మ తుమీరా.

బుధవారం పొద్దున్నే ఆవిడ కొడుకుని బోర్లా పడుకోబెట్టింది. నూనెలో బామ్ కలిపి, కొంగుముడిలో ఉండే పాత వంద రూపియా బిళ్ల తీసి, మెడ మీది నుంచి నడుము దాకా గీకింది. వెన్నెముకకి అటూ ఇటూ ఎర్రగా చారలు తేలాయి. ఎంత ఎర్రబడితే అంత గాలి ఉన్నట్టు.

"చూడు ఎంత గాలి ఉందో," అంది తుమీరా తృప్తిగా.

కెరోకన్ అనే ఈ బిళ్ల గీకుడు చేయించుకుంటే హాయిగానే ఉంటుంది. చిక్కంతా తర్వాతే. కారాంగ్‌సారిలో వీపు మీద బిళ్ల గీతలతో డాక్టరు దగ్గరికి ఎవరూ వెళ్ళరు. మునుపున్న ముసలి డాక్టరు గీతలు కనిపిస్తే చాలు, బయట బల్ల మీద కూర్చున్న పదిమందికీ వినపడేలా చీవాట్లు పెట్టేవాడు. నాటు వైద్యం చేసుకునేవాళ్ళు మళ్ళీ నా దగ్గరికెందుకు వచ్చారు, వీపంతా పులిలాగా చేసుకుని సిగ్గు లేదా అనేవాడు. ఆయన రిటైరై రెండేళ్ళయినా భయం మాత్రం రిటైరవలేదు. అందుకే జ్వరం వస్తే ముందు బిళ్ల, తర్వాత ఐదు రోజులు ఎదురుచూపు, చారలు మాసిపోయాక డాక్టరు.

దమర్‌కి ఇంకో బాధ కూడా ఉంది. పొద్దస్తమానం మొదటి రోజే చూపించుకోవాలని ఉపన్యాసాలిచ్చింది తనే. ఇప్పుడు ఆ డాక్టరమ్మ ముందుకే చారల మెడతో వెళ్ళాలంటే ప్రాణం పోయినట్టుంది. శుక్రవారానికి తగ్గిపోతాయిలే అనుకున్నాడు.

శుక్రవారానికి జ్వరం తగ్గింది, చారలు తగ్గలేదు. శనివారం పొద్దున అద్దంలో చూసుకుంటే ఎరుపు పోయి మాంగోస్టీన్ పండు తొక్కలాగా ముదురు ఊదా రంగులోకి వచ్చాయి. చొక్కా కాలర్ ఎంత పైకి లాగినా చెవి కింద రెండు వేళ్ళ మేర కనిపిస్తూనే ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా వైపు దిగులుగా చూసి, పదకొండు కావస్తుండగా ఫోన్ తీసి మెసేజ్ పెట్టాడు.

"క్షమించండి. ఇవాళ కుదరదు. పక్క ఊళ్ళో చేపల కొట్టు ఫ్రిజ్ పాడైంది."

జవాబు వెంటనే వచ్చింది. "సరే." అంతే. ఆ ఒక్క మాటని అతను నలభై సార్లు చదువుకున్నాడు.

విధి ఎలా ఉంటుందో చూడండి. ఏ రోగమూ లేకుండా ఏడు సార్లు వైద్యం చేయించుకున్న టీకాల ఫ్రిజ్ ఆ మధ్యాహ్నమే నిజంగా ఆగిపోయింది. వెనింగ్ ఫోన్ చేసింది, అతను ఎత్తలేదు. టీకాలన్నీ ఐస్ పెట్టెలోకి మార్చి, ఎలాగూ వెతకాల్సిందే కదా అని స్కూటర్ వేసుకుని బయల్దేరింది. పక్క ఊరి దాకా వెళ్ళే పని పడలేదు. దమర్ ఇంటి ముందు అతని బైకు నిలబడి ఉంది, దానికి పనిముట్ల సంచి వేలాడుతోంది.

తలుపు దగ్గర తుమీరా కనబడింది.

"మీ అబ్బాయి పక్క ఊరి నుంచి ఎప్పుడొచ్చారమ్మా?"

"వాడెక్కడికెళ్ళాడు డాక్టరమ్మా? నాలుగు రోజులుగా గడప దాటలేదు."

లోపల వెదురు మంచం మీద దమర్ ఆ మాటలు విన్నాడు. అందుబాటులో ఉన్న జాకెట్ తొడిగి, గడ్డం దాకా జిప్ లాగాడు. మిట్టమధ్యాహ్నం, బయట రోడ్డు మీద తారు కరుగుతోంది.

వెనింగ్ గుమ్మంలో నిలబడి అతన్ని చూసింది.

"చేపల కొట్టు ఎలా ఉంది?"

"బాగానే ఉందండీ."

"నాతో కలిసి కనిపించడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పొచ్చు. అబద్ధం దేనికి? పొద్దున పది నుంచి తయారై కూర్చున్నాను, పిచ్చిదానిలాగా."

ఆమె గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది. అది విని దమర్ గబుక్కున లేవబోయాడు. గది గిర్రున తిరిగింది. పడబోతుంటే ఆమే పట్టుకుంది. అతని చెయ్యి మంచులా చల్లగా తగిలేసరికి ఆమె మొహంలో ఆడపిల్ల పోయి డాక్టరు వచ్చింది.

"జ్వరం ఎప్పుడొచ్చింది?"

"మంగళవారం. తగ్గిపోయిందండీ."

"కడుపులో నొప్పి ఉందా?"

"కొంచెం."

"జాకెట్ తియ్యి."

"వద్దండీ."

"దమర్, జాకెట్ తియ్యి."

ఇంతటి అవస్థలోనూ ఆమె తనని నువ్వు అన్నదని అతనికి ఒక చిన్న సంతోషం కలిగింది. ఈలోగా ఆమె జిప్ లాగేసింది. చారలు బయటపడ్డాయి. చిగుళ్ళ అంచున నెత్తురు కూడా ఆమె కంట పడింది.

"ఇవి ఎప్పటివి?"

"బుధవారం," అంది తుమీరా తలుపు చాటు నుంచి, నేరం ఒప్పుకుంటున్నట్టు. "నేనే గీశానమ్మా. గట్టిగా గీశానేమో. వాడిని తిట్టకండి."

"మీరు అడిగిన కథ ఇదేనండీ," అన్నాడు దమర్ తల దించుకుని. "ఈ చారలతో మీ దగ్గరికొస్తే తిడతారని మా వాళ్ళ భయం. మునుపటాయన తిట్టేవాడు. అందుకే మాసిపోయేదాకా ఆగుతాం. నేనూ ఆగుతున్నా. మీ ముందుకైతే అసలే రాలేకపోయాను."

వెనింగ్ అతని పక్కన మంచం అంచున కూర్చుంది. ఆర్నెల్లుగా తన బల్ల ముందు ఆలస్యంగా వచ్చి కూర్చున్న మొహాలన్నీ ఆమెకి గుర్తొచ్చి ఉంటాయి.

"పిచ్చివాడా, ఇవి మాసిపోవు," అంది చివరికి మెల్లగా. "ఇది డెంగీలా ఉంది. ప్లేట్‌లెట్లు పడిపోతే ఇలాంటివి మాసిపోకుండా ముదురుతాయి. జ్వరం తగ్గిందని మురిసిపోయే ఈ రోజే అన్నిటికంటే ప్రమాదం. ఇవి పోయేదాకా నువ్వు ఆగితే నువ్వే పోయేవాడివి."

 కళ్ళు తుడుచుకుని వెంటనే ఫోన్ అందుకుంది.

జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యానులో దమర్ స్ట్రెచర్ మీద పడుకుని, ఫ్రిజ్ ఆగిందని ఆమె చెప్పగా విని, కళ్ళు మూసుకునే అన్నాడు. "మీ ఫ్రిజ్‌కి ఏమీ అయ్యుండదు. వెనక ప్లగ్గు వదులై ఉంటుంది. గట్టిగా నొక్కమని చెప్పండి."

"నోరు మూసుకుని పడుకో," అంది వెనింగ్. అతని చెయ్యి మాత్రం దారి పొడుగునా వదల్లేదు.

సెలైన్ ఎక్కుతూనే ఉంది. రెండు రోజులు ప్లేట్‌లెట్లు దిగుతూనే పోయాయి, తుమీరా బిళ్లను గుప్పిట్లో పెట్టుకుని మంచం పక్కన కూర్చుని, నా చేత్తో నేనే చేశానని ఏడ్చింది. గీయడం వల్ల కాదమ్మా, ఆగడం వల్ల అని వెనింగ్ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. డ్యూటీ అయిపోగానే రోజూ నలభై నిమిషాలు స్కూటర్ మీద వచ్చేది. మూడో రోజు అంకెలు పైకి లేచాయి.

నాలుగో రోజు ఊరు దిగింది. కారాంగ్‌సారిలో ఎవరు ఆసుపత్రిలో పడినా వీధంతా ఒకే ట్రక్కు ఎక్కి చూడటానికి రావాల్సిందే. నారింజ పళ్ళు, బిస్కెట్ డబ్బాలు, ఇరవై ముగ్గురు మనుషులు. నర్సు వద్దంటున్నా వినకుండా వీధి పెద్ద సుగెంగ్ అందర్నీ లోపలికి తోలి, మంచం చివర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మన దమర్ కోలుకోవడం మనందరి అదృష్టం. ఎందుకంటే మా ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోయి వారమైంది."

"వారం దాకా ఎందుకు ఆగారు?" అన్నాడు దమర్ అలవాటు కొద్దీ. గదంతా నవ్వింది.

అప్పుడే వెనింగ్ లోపలికొచ్చింది. నవ్వులు ఆగిపోయాయి, ఆడవాళ్ళు పమిటలు మెడ చుట్టూ సర్దుకున్నారు. ఆమె అతని నాడి చూడ్డానికి వంగింది. జుట్టు పైకి ముడి వేసి ఉంది. తెల్ల కోటు కాలర్ పైన, చెవి కింద నుంచి భుజం దాకా, ఎర్రగా బిళ్ల గీతలు.

సుగెంగ్ భార్య నోరెళ్ళబెట్టింది. "డాక్టరమ్మా, మీకూనా?"

"నిద్ర లేదు, స్కూటర్ మీద తిరిగి మెడ పట్టేసింది. హాయిగా ఉందండీ," అంది వెనింగ్. "ఊళ్ళో అందరికీ చెప్పండి. గీతలుంటే గీతలతోనే రండి. నేను తిట్టను. ఆగితే మాత్రం తిడతాను."

ఎవరు గీశారని ఎవరూ అడగలేదు. కారాంగ్‌సారిలో ఆడది తన వాళ్ళకి తప్ప వీపు అప్పగించదు. ఇరవై మూడు తలలు ఒక్కసారే తుమీరా వైపు తిరిగాయి. ఆవిడ కొంగుముడి సవరించుకుంటూ పైకప్పు చూస్తోంది. సంగతి బోధపడేసరికి దమర్ చెవులు ఎర్రబడ్డాయి.

"శనివారం సోతో తినేటప్పుడు ఇంకో మాట కూడా చెబుదామనుకున్నా," అన్నాడు.

"చెప్పు."

"ఇంతమంది ముందా? వీళ్ళు వెళ్ళాక చెబుతాలే."

"మళ్ళీ ఆగుతావా?"

అతను ఊరందరినీ చూశాడు. సుగెంగ్ నారింజ వలుస్తూ, మేమేమీ వినడం లేదన్నట్టు చెవి ఇటే పెట్టాడు.

"నువ్వంటే నాకు ప్రాణం. టీ సీసా రోజు నుంచీ," అన్నాడు దమర్.

"మొదటి రోజే చెప్పి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు కదా," అంది వెనింగ్. అచ్చంగా అతను జనాన్ని తిట్టే గొంతుతోనే అంది గానీ, ఆమె కళ్ళు నిండి ఉన్నాయి.

తుమీరా కొంగుముడి విప్పింది. అరిగి నున్నబడిన ఆ బిళ్లను తీసి వెనింగ్ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"మా అత్త నాకిచ్చింది, ఈ ఇంటికొచ్చిన రోజు. ఇక నీ దగ్గరుండనీ."

వెనింగ్ వంగి ఆవిడ చేతిని నుదుటికి ఆనించుకుంది. తర్వాత ఆ బిళ్లను కోటు జేబులో, థర్మామీటర్ పక్కన వేసుకుంది.

"గట్టిగా గీస్తావా?" అని అడిగాడు దమర్ భయంగా.

"ముందు జ్వరం చూస్తాను. గీతలు ఆ తర్వాత," అంది ఆమె, అతని మెడ మీద మాసిపోవడం మొదలుపెట్టిన చారల్ని వేలితో తడుముతూ.