కదలని గాలిబుడగ

ఉదయం 9:10. అక్క ఆస్పత్రి ల్యాబ్ ఫ్రిజ్ తెరిచింది.

జెల్ సీసా లేదు.

పదకొండింటికి చెల్లికి ఆపరేషన్. మోకాల్లో దెబ్బతిన్న మృదులాస్థి చోట ఆ జెల్ నింపాలి. చెల్లి కణాలే కలిపి, అక్క మూడు వారాలు కళ్లలో వత్తులు వేసుకుని చేసిన జెల్ అది.

ఫ్రిజ్ తాళంచెవులు మూడు. డాక్టర్ దగ్గరొకటి, టెక్నీషియన్ అయిన అక్క దగ్గరొకటి, అక్కడే అటెండర్‌గా చేసే నాన్న దగ్గరొకటి.

డాక్టర్ ఫోన్ చేస్తే 9:40కి వచ్చిన లేడీ ఇన్‌స్పెక్టర్ ముగ్గురినీ కూర్చోబెట్టింది.

"చివరిసారి ఎప్పుడు చూశావమ్మా?"

"ఎనిమిదింటికి, మేడమ్."

"తర్వాత?"

"తాళం వేశాను."

"చూసినవాళ్లున్నారా?"

అక్క తల అడ్డంగా ఊపింది. ఎవరూ లేరు. స్టేషన్‌కి వెళ్లి మాట్లాడదాం, జీపు తియ్యమని ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌తో అంది. అక్క తన తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

నాన్న చటుక్కున లేచాడు. ఇంకోసారి వెతుకుతానంటూ ఫ్రిజ్ గదిలోకి వెళ్లి, నిమిషంలో సీసాతో వచ్చాడు. ఐస్ ప్యాకుల వెనక పడి ఉందట.

అక్కకి ప్రాణం లేచొచ్చింది. డాక్టర్ అప్పుడే థియేటర్‌కి ఫోన్ కలుపుతున్నాడు.

ఇన్‌స్పెక్టర్ మాత్రం సీసా అందుకుని తలకిందులు చేసింది. లోపలి గాలిబుడగ అడుగునే ఉండిపోయింది. పైకి రాలేదు.

"ఈ జెల్ గట్టిగా ఉంటుందా?"

"చల్లగా ఉంటే నీళ్లలా జారుతుంది, మేడమ్. ఒంటి వేడికి గడ్డకడుతుంది. మళ్లీ..."

అక్క చూపు సీసా మీద పడింది.

"మళ్లీ?"

"కరగదు."

"నాలుగు డిగ్రీల ఫ్రిజ్‌లో ఉన్నది గడ్డకట్టదుగా. ఎవరో ఒంటికి ఆనించి దాచారు. పెద్దాయనా, వచ్చినప్పటినుంచీ మీ చెయ్యి లోపలి జేబు మీదే ఉంది. ఇప్పుడు తీసేశారేం?"

నాన్న చేతులు జోడించాడు.

"పోయిన ఆపరేషన్‌కి చిన్నది నొప్పితో మూడు రోజులు అరిచింది, మేడమ్. ఆ అరుపు నా చెవుల్లోంచి పోలేదు. ఆపరేషన్ ఇవాళ్టికి ఆగితే చాలనుకున్నా. పెద్దదాన్ని తీసుకెళ్తారనుకోలేదు."

ఇన్‌స్పెక్టర్ రాసుకుంటున్న పుస్తకం మూసేసింది. ఇక పని చెడ్డట్టే, మళ్లీ చెయ్యాలంటే మూడు వారాలన్నాడు డాక్టర్.

ఈ సంగతి చెల్లికి చెప్పాల్సింది అక్కే.  వార్డులో మంచం అంచున కూర్చుని జరిగిందంతా చెప్పింది.

చెల్లి తన మోకాలిని తడుముకుంది.

"మూడు వారాల తర్వాత నాన్న చేతిలో సీసా ఉండనివ్వకక్కా," అంది. "ఆ చేతిలో నా చెయ్యి పెట్టు. నాకూ భయంగానే ఉంది."